కార్ నికోబార్ వెళ్ళే పిల్లలకు ఏం చెప్పమంటావు?

ప్రియమైన నేస్తానికి,

మన సంఘం యువకులు కార్ నికోబార్ వెళ్ళాలని అనుమతుల కోసం తిరుగుతున్నారు. అక్కడి సంగతులు చెప్పమని పాస్టరుగారు వచ్చే ఆదివారం నన్ను నిలబెడుతున్నారు. ఇద్దరం కలిసి చూసినవాటిని నేనొక్కదాన్నే చెప్పడానికి మనసొప్పక నీకు రాస్తున్నాను.

విశాఖ రేవులో ఓడెక్కడం, దారి పొడుగునా నువ్వు వాంతులు చేసుకుంటూనే కీర్తనలు పాడడం, పోర్టుబ్లెయిర్‌లో ట్రైబల్ పాస్ కోసం పడిగాపులు, ఇవన్నీ చెప్పకపోయినా పరవాలేదు. (ఆ ఊరి పేరు ఇప్పుడు శ్రీ విజయపురం.) నాకు చెప్పాలనున్నది ముస్ ఊళ్ళోని పెద్దమ్మ సంగతి.

2004 డిసెంబరు 26 సునామీ తరవాతి ఏడు కదా మనం వెళ్ళింది. తీరం కుంగిపోయి, ఒకప్పటి తోటల్లోకి సముద్రం వచ్చేసింది. ఉప్పునీళ్ళలో తలలు లేని కొబ్బరి మోళ్ళు. తేనెపట్టులా గుండ్రంగా, స్తంభాల మీద ఉండే వాళ్ళ ఇళ్ళు పోయి, లోపలి నేల మీద రేకుల షెడ్లు వరసగా వెలిశాయి. మధ్యాహ్నం వాటిలో కూర్చోలేకపోయేవాళ్ళం.

మనం దుప్పట్లు, గిన్నెలు కుటుంబానికో కట్ట చొప్పున పంచుతున్నాం. "మీ ఇంట్లో ఎంతమంది?" అని నువ్వు అడిగితే, పెద్దమ్మ ఆ షెడ్ల వరస మొత్తం చూపించింది. అదే ఆమె కుటుంబం. తూహెట్ అంటారు. తాతలు, పిన్నులు, మనవలు, అందరిదీ ఒకటే తోట, ఒకటే పందుల మంద, ఒకటే వంట. సునామీ సాయం మాత్రం భార్యాభర్తలూ పిల్లలూ అనే లెక్కన, విడివిడి బ్యాంకు ఖాతాల్లో పడింది. "నీళ్ళు మనుషుల్ని తీసుకుపోయాయి. డబ్బు మిగిలినవాళ్ళని విడదీస్తోంది" అని ఆమె తనకొచ్చిన హిందీలో అన్నప్పుడు నీ చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. సాయం చేసే ప్రతివాళ్ళూ ముందు వినాల్సిన మాట అది. మన పెద్దలు పట్టిక పక్కన పెట్టి, తెచ్చిన సామానంతా తూహెట్ పెద్దల ముందు ఉంచారు. ఎవరికేం కావాలో వాళ్ళే చూసుకున్నారు.

సువార్త సంగతి కూడా పిల్లలకు చెప్పాలి. ఆ దీవికి వాక్యం మనతో రాలేదు. 1896లోనే వేదప్పన్ సాలమన్ అనే ఉపదేశి అక్కడ బడి పెట్టాడు. ఆయన చదువు చెప్పించిన ముస్ కుర్రాడే జాన్ రిచర్డ్‌సన్. బర్మాలో చదివి వచ్చి, కొత్త నిబంధన నికోబారీ భాషలోకి తేవడంలో పాలుపంచుకున్నాడు, జపాను ఆక్రమణలో సొంత బిడ్డను పోగొట్టుకుని కూడా తన జనాన్ని వదలలేదు. తరవాత బిషప్ అయ్యాడు, మొదటి లోక్‌సభకు నామినేట్ అయ్యాడు. అలాంటి సంఘం ముందు నిలబడి మనమేం బోధిస్తాం! రేకుల కింద వాళ్ళు పాడుతుంటే, ఇళ్ళూ తోటలూ పోగొట్టుకున్నవాళ్ళ నోట ఆ స్తుతి వింటుంటే, ప్రార్థన చెయ్యమని నన్ను పిలిచినా నాకు గొంతు పెగల్లేదు. ఆ మౌనాన్ని కూడా వాళ్ళు ప్రార్థనగానే తీసుకున్నారు, "ఆమేన్" అన్నారు.

వంట మర్చిపోయానా? పాండనస్ పండు, మన మొగలి జాతిదే, ఉడికించి, పీచు తీసి, ఆ గుజ్జు ముద్ద చేపలతో పెట్టింది పెద్దమ్మ. తనకు మిగిలిందో లేదో చూసుకోలేదు.

ఒక్క సాయం చెయ్యి. ఆ తూహెట్‌లో పోయినవాళ్ళ పేర్లూ, బతికినవాళ్ళ పేర్లూ ప్రార్థనలో తలుచుకుందామని నువ్వు నోటుబుక్కులో రాసుకున్నావు. అది కెనడాకు తీసుకెళ్ళి ఉంటే, ఆ పేజీలు ఫోటో తీసి ఆదివారం లోపల పంపు. పిల్లలు దుప్పట్ల కంటే ముందు ఆ పేర్లు పట్టుకెళ్ళాలి. ముస్‌లో దిగగానే ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడగాలి.



నీ నేస్తం