ఎవరి పోలిక?

మా మనవడికి రెండేళ్లు నిండవస్తున్నాయి. వాడికి బాగా పట్టుబడిన మాట ‘ఒద్దు’. చొక్కా ఒద్దు, స్నానం ఒద్దు, ఎత్తుకుంటే ఒద్దు, దించితే ఒద్దు. ఒద్దంటూనే అన్నం ముద్దకి నోరు తెరుస్తాడు. వాడికి అన్నం మీద కోపం లేదు, తనని అడక్కుండా పెట్టడం మీదే కోపం. వచ్చిన చుట్టమల్లా ఇదేమీ చూడకుండానే తీర్పు చెప్పి పోతాడు: “అచ్చం వాళ్ల జేజినాయనే. ఆ మొండితనం యాడికి పోతాది?”

జేజినాయన అంటే మా ఆయన. వీడు పుట్టకముందే పోయినారు. ఆయన పేరే వీడికి పెట్టుకున్నాం. పెట్టుకున్నాక తెలిసొచ్చింది, ఆ పేరుతో వీణ్ణి పిలవగలిగేవాళ్లు ఇంట్లో లేరని. నాకు మొగుడి పేరు, కోడలికి మామ పేరు, కొడుక్కి తండ్రి పేరు. కొడుకు ‘నాయనా’ అంటాడు, కోడలు ‘బుజ్జీ’ అంటుంది, నేను ‘పెద్దాయనా’ అంటాను. మోకాలెత్తు మనిషికి ఇంత మర్యాద దొరికితే పెత్తనం చెయ్యక ఏం చేస్తాడు! పోలిక మాట ఎట్లున్నా, ఆ మొండితనంలో సగం మేం చేతికిచ్చిందే. ఈమధ్య మాటలు వచ్చేసరికి, వీధిలో ఎవరు “నీ పేరేంది?” అన్నా ఒత్తులు మింగేసి గట్టిగా చెప్పేస్తున్నాడు. ‘నేను’ అనడం ఇంకా రాలేదు. ఆకలైనా, దెబ్బ తగిలినా, ఎవరి బొమ్మ లాక్కున్నా పేరు పెట్టే చెప్పుకుంటాడు. పెళ్లయిన నాటినుంచి నా నోట రాని పేరు ఇప్పుడు పొద్దుగూకులూ ఇంట్లో మోగుతోంది. మొదట్లో ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడు ఆ పేరు వినపడితే నా కళ్లముందుకొచ్చేది వీడే. మా ఆయనకి తెలిస్తే అలిగేవారేమో.

మా తాడిపత్రిలో ఇంటి నేలంటే బండలే. చుట్టుపక్కల గనుల్లో తీసి, ఊళ్లోని ఫ్యాక్టరీల్లో కోసి, పాలిష్ పట్టిన నల్లబండలు. లారీలకెక్కి ఎక్కడెక్కడికో పోయే ఈ రాయి మా వాడికి పలక. సుద్దముక్క దొరికితే వంటింటి నుంచి వాకిలి దాకా గీసుకుంటూ పోతాడు. “అప్పుడే అక్షరాలు దిద్దిస్తున్నారా టీచరమ్మా?” అని పక్కింటామె అడిగింది. నేను దిద్దించడం లేదు. ఒకటో తరగతి పిల్లల చేతులు పట్టుకుని దిద్దించీ దిద్దించీ రిటైరైనదాన్ని. వేళ్లకి పట్టు రాకముందు బలపం ఇస్తే పిల్లలు అక్షరాన్ని కాదు, భయాన్ని నేర్చుకుంటారు. వేళ్లకి పని కావాలంటే శెనక్కాయలున్నాయి. బొటనవేలితో కాయని నొక్కి టప్పుమనిపించడమంటే వీడికి ప్రాణం. ఒలవడం వాడి వంతు, విత్తనాలు లాక్కోవడం నా వంతు. ఈ వయసు పిల్లలకి ఊపిరిగొట్టంలో ఇరుక్కునేవాటిలో శెనగవిత్తనాలు ముందు వరసలో ఉంటాయి. వేయించి, బెల్లంతో మెత్తగా దంచి పెడితే ఏ బెంగా లేదు.

ఒకనాడు చింతల వెంకటరమణస్వామి గుడికి తీసుకుపోయినాను. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు కట్టించిన గుడి. అక్కడ గరుడ మంటపం రథం ఆకారంలో ఉంటుంది. గోడల మీది సింహాలకీ గుర్రాలకీ కలిపి ‘బౌబౌ’ అని ఒకే పేరు పెట్టేసి, మావాడు నేరుగా రథం దగ్గరికి పోయి రెండు చేతులా తొయ్యడం మొదలుపెట్టాడు. “పో! పో!” అది పోలేదు. వెనక్కి తిరిగి, “జేజీ, పట్టు” అన్నాడు. పట్టినాను. దర్శనానికి వచ్చినవాళ్లు నవ్వుకున్నారు. బలం చాలలేదనే గానీ, రాతిరథం కదలదని వాడికి ఇప్పటికీ అనుమానమే లేదు.

పోలికల పిచ్చి మన చుట్టాలకే అనుకునేదాన్ని. డార్విన్ తన పెద్దకొడుకు విలియమ్ 1839లో పుట్టినప్పటినుంచి వాడి కోపాలూ భయాలూ రాసి పెట్టుకుని, 1877లో ‘మైండ్’ అనే పత్రికలో అచ్చు వేయించాడు. రెండేళ్ల మూడునెలలకి ఆ పిల్లాడు కోపం తెప్పించినవాళ్ల మీదికి పుస్తకాలూ కర్రలూ విసరడంలో ఆరితేరాడట. కొడుకుల్లో మరికొందరూ అంతేనట, కూతుళ్లలో మాత్రం ఆ జాడ లేదట. ఇంకేముంది, విసిరే బుద్ధి మగపిల్లలకి వారసత్వంగా వస్తుందనిపిస్తోందని రాసేశాడు! అంతటివాడే ఆగలేకపోయాడు, వచ్చినప్పుడల్లా పోలికలు వెతికే మా చిన్నాడబిడ్డని ఏమనను?

అసలు తగువు నీళ్ల దగ్గర. ఉమ్మడి అనంతపురం జిల్లాకి ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఊరిపక్కనే పెన్న ఉన్నా, ఎక్కువ కాలం ఇసుకే. కొళాయి వచ్చినప్పుడే డ్రమ్ములు నింపుకునే ఇంట్లో వీడు చెంబుతో ముంచి నేలమీద పోస్తాడు. 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయిన మరియా మాంటిస్సోరి బడుల్లో, పిల్లల చేత ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి నీళ్లు పోయించడం పాఠమే. ఆ పాఠం మా కోడలికి చెప్పి చూడండి. నీళ్లకి బదులు రాగులిచ్చాను. రెండు గ్లాసులు పోసి, మూడోది నా ఒళ్లో గుమ్మరించి, “ఒద్దు” అన్నాడు. చివరికి బియ్యం కడిగిన నీళ్లు చిన్న చెంబులో పోసిచ్చి, పెరట్లో కరేపాకు చెట్టు మొదట్లో నిలబెట్టాను. నీళ్లు వృథా పోలేదు, ఆట ఆగలేదు, కోడలు నోరెత్తలేదు. పొద్దున లేవగానే చెంబు వెతుక్కుంటున్నాడు.

మొన్న పాలగ్లాసు చేతికిస్తే ఒకసారి మూతి దగ్గర పెట్టుకుని, నడుచుకుంటూ పోయి, చెట్టుకి పోసి వచ్చాడు. ఒక్క చుక్క పక్కన పడలేదు. చెయ్యి అంత కుదిరింది.

కోడలు ఖాళీ గ్లాసు చూసి, “అంతా తాగేసినాడా అత్తా?” అంది.

“తాగేసినాడమ్మా” అన్నాను.