దర్శిసీమలో గుప్తమణి క్రీడ

దర్శి యనగానే మన సోదరీమణులలో ననేకులకు నీళ్ల కఱవును, వేసవి యెండయు జ్ఞప్తికి వచ్చును. ఆ రెండును అబద్ధములు కావు. కాని ధనుర్మాసమున నా సీమను జూచినవారు తమ యభిప్రాయమును గొంత సవరించుకొందురు. ఉదయము ఆఱున్నర దాటినగాని సూర్యుడు కానరాడు. కందిచేలు కాయపట్టి యుండును. మిరప పండబాఱుచుండును. పొగాకుచేలు పచ్చగా నిలిచి యుండును. తెల్లవాఱుజామున వాకిట కళ్లాపి చల్లి ముగ్గు పెట్టు చేతులకు చలి తగులును గాని, ప్రొద్దెక్కిన కొలదిని హాయిగా నుండును. వేసవిలో 40 డిగ్రీలు దాటు నీ నేలమీద స్త్రీలును పిల్లలును వేడుకకై నడువదగిన కాలము సంవత్సరమున నీ రెండు నెలలే యని చెప్పవచ్చును.

వేడుకకై యను మాటను కావలయుననియే వ్రాసితిని. ఈ ప్రాంతపు స్త్రీకి నడక క్రొత్త గాదు. నీళ్లకు నడచినది, కట్టెలకు నడచినది, కలుపునకును, మిరపకాయల కోతకును నడచినది. పని యుండి నడచుటయే గాని, చూచుటకై నడచుట యామె కలవాటు లేదు.

దర్శి పూర్వము నెల్లూరు జిల్లాలో వేంకటగిరి జమీనునకు జేరిన తాలూకా. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా క్రొత్త జిల్లా యేర్పడినప్పుడు దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరునుండియు, మార్కాపురము, గిద్దలూరు కర్నూలునుండియు వచ్చి యందు జేరినవి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీని శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడిచిరి. ఆ కుడికాలువ నీరు దర్శివైపునకును వచ్చినది. కాలువ క్రింది పొలములలో వరి పండినది. కాలువ యందని మెట్టయూళ్లు మాత్రము బావులను, గొట్టపుబావులను నమ్ముకొనియే యుండిపోయినవి.

ఇట్టిచోట రెండు సంక్రాంతులకు నేను జూచిన యొక యాటనుగుఱించి చెప్పుటకే యీ వ్యాసము. పాశ్చాత్యులు దానిని జియోకాచింగ్ అందురు. ఒకరు చిన్న డబ్బా నొకదానిని ఎచ్చటనో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను మాత్రము ప్రకటింతురు. తక్కినవారు సెల్‌ఫోను సాయమున ఆ చోటు వెదకి, డబ్బాలోని పుస్తకమున తమ పేరు వ్రాసి, అందలి వస్తువు నేదైన దీసికొన్నచో బదులు వేఱొకటి యుంచి, ఎప్పటివలెనే దాచి వత్తురు. ఇది 2000 సంవత్సరమున అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమున బుట్టినది. అంతకుముందు ఆ దేశపు ప్రభుత్వము తన ఉపగ్రహముల సంకేతములను ప్రజలకు బుద్ధిపూర్వకముగా గొంత చెఱచి యిచ్చెడిది. నూఱు మీటర్లవఱకు తప్పు వచ్చెడిది. ఆ యేడు మే నెల మొదట నా చెఱుపును మాన్పించిరి. మే 3వ తేదీని డేవ్ అల్మర్ అను నతడు ఒక బాల్చీలో పుస్తకములు మొదలగు వస్తువుల నుంచి యడవిలో దాచి, స్థానమును లోకమునకు దెలిపెను. కొలది దినములలోనే దానిని గనుగొనిరి.

పేరు క్రొత్తదే గాని యాట మనకు క్రొత్తది గాదు. కాళిదాసు మేఘసందేశమున అలకాపురి కన్యలు మందాకిని యొడ్డున బంగారు టిసుకలో మణులను దాచి వెదకుకొందురని వర్ణించినాడు. దానికి వ్యాఖ్య వ్రాసిన మన తెలుగువాడు మల్లినాథసూరి యా క్రీడకు గుప్తమణి యని పేరు చెప్పినాడు. మన వీథులలో నాడుపిల్లలు ఇసుకకుప్పలో పుల్లను దాచి, యెదుటిపిల్లచేత వెదకించు నాట దాని చెల్లెలే కదా! కావున నేనును దీనిని గుప్తమణి యనియే వ్యవహరించెదను.

అక్షాంశ రేఖాంశములనగా భయపడ బనిలేదు. దర్శి ఇంచుమించుగా 15.77 డిగ్రీల ఉత్తరాక్షాంశమునను, 79.68 డిగ్రీల తూర్పు రేఖాంశమునను ఉన్నది. ఒక డిగ్రీ యక్షాంశము దాదాపు 111 కిలోమీటర్లు. దశాంశబిందువు తరువాత రెండంకె లున్నచో ఊరు తెలియును. మూడున్నచో వీథి తెలియును. నాలుగున్నచో ఇల్లు, ఐదున్నచో గడపయు తెలియును. లెక్కకు గడప తెలిసినను, ఆరుబయట ఫోను చెప్పు స్థానమున గొన్ని మీటర్ల తేడా యుండనే యుండును. దట్టమైన చింతచెట్టు క్రింద నది యింకను హెచ్చును. చివరి పదియడుగులు కంటితో వెదకవలసినవే. ఆటలోని రుచియంతయు నా పదియడుగులలోనే యున్నది.

మొదటి యేడు మా వదినగారి వీథిలో నీ పోటీని నడపినవారు సెలవులకు ఇంటికి వచ్చిన కళాశాల విద్యార్థులు. ఏడు డబ్బాలు దాచిరి. ముందుగా నన్నిటిని గనుగొన్నవారికి బహుమానము. ఉదయ మేడు గంటలకు ఆరంభము. మోటారుసైకిలున్న కుఱ్ఱవాడొకడు రెండు గంటలలో ముగించి బహుమానము గొనిపోయెను. ఒక డబ్బా సర్కారుతుమ్మ కంపలోను, ఒకటి పాడుపడిన బావి యొఱమీదను ఉండెను. పేరిచ్చిన నలుగు రాడుపిల్లలలో నిద్దఱు సగము దారిలో దిరిగి వచ్చిరి. ఏడు గంటల వేళ ఏ యింటి కోడలికి తీరిక యుండును? పాలు కాచవలె, పొయ్యి చూడవలె, పిల్లలకు తలంటవలె. ఇంతయు జూచి మగవారు కొందఱు ఈ యాట ఆడువారికి బనికిరాదని తేల్చివైచిరి.

ఆ తీర్పును విని, వీథిలో డెబ్బదియేండ్లు దాటిన యొక పెద్దమ్మగారు మా వదినగారితో నిట్లనిరి: "ఆట పనికిరాదనకమ్మాయ్. ఆ డబ్బాలు పెట్టినవాళ్లకి ఊరు తెలవదు. మన మంచినీళ్ల బావి ఎక్కడుండేదో వాళ్లలో ఒక్కణ్ణి చెప్పమను!" నిజముగా నొక్కడును చెప్పలేకపోయెను.

రెండవ యేటి పోటీ యా ప్రశ్ననుండియే పుట్టినది. నిబంధనలను వీథిలోని స్త్రీలే కూర్చుండి వ్రాసిరి. వాహనము లేదు, నడకయే. గడువు రెండు గంటలు గాదు, వారము దినములు. ఎవరి తీరికనుబట్టి వారు పదింటికిని నాలుగింటికిని నడుమ వెదకవచ్చును. జట్టునకు ముగ్గురు: ఒక బడిపిల్ల, ఒక గృహిణి, ఒక వృద్ధురాలు. ముసలమ్మగారు నడువలేకున్నను అరుగుమీద గూర్చుండియే యానవాళ్లు చెప్పవచ్చును. పిల్ల ఫోను జదువును; అవ్వ ఊరిని జదువును. ఈ మూడవ నిబంధనమునకు విద్యార్థులు నవ్విరి గాని, నా యెఱిగినంతలో పోటీకి బ్రాణము వచ్చినది దానివలననే.

దాచుటలో గూడ జాగ్రత్తలు గలవు. స్థలము గలవారి యనుమతి లేనిదే డబ్బా పెట్టరాదు. ఱాళ్లగుట్టలు, పుట్టలు, కంపలు పాములకు నిలయములు, కాలువగట్టు జాఱును, వాడుకలేని బావి మఱింత యపాయము. గుడిలోపల దాచుట మర్యాద గాదు. డబ్బా లోపలి వస్తువులు కానవచ్చునట్టిదై, మూత బిగువైనదై, ఆట డబ్బా యని తెలుగున వ్రాసి యుండవలె. దిక్కులేని డబ్బాను జూచి జనులు భయపడు కాలమిది. కావున పోలీసుస్టేషనున ముందుగా దెలిపి యుంచిరి. తినుబండారము పెట్టినచో చీమలును కుక్కలును గెలుచును. మంచుకు సిరా చెదరును గావున పెన్సిలు మేలు. ఆనవాళ్లను మార్కాపురపు పలకముక్కలపై బలపముతో వ్రాసి యిండ్లకు బంచుట మా వదినగారి యూహ. పలకలకు బేరువడిన సీమయే ప్రక్కనుండగా కాగితమెందుకు? పండుగ మఱునాడు డబ్బాల నన్నిటిని దీసివేయుటకు ఒక్కొక్క డబ్బాకు ఒక్కొక్క యిల్లు పూచీపడినది.

మార్కులు మార్చుటయే యసలైన మార్పు. డబ్బా కనుగొన్నందులకు ఒక మార్కు. ఆ చోటినిగుఱించి పెద్దల నడిగి తెలిసికొన్నది పుస్తకమున వ్రాసినందులకు నాలుగు. తొమ్మిది డబ్బాలలో ఐదింటిని నీటితావులయొద్దనే పెట్టిరి. ఇందులకు గారణము చెప్పవలసి యున్నది.

1937లో షార్ట్ మొదలగు వైద్యులు మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో మనుష్యుల యెముకలను పండ్లను చెఱచు వ్యాధినిగుఱించి ప్రకటించిరి. త్రాగునీటిలోని ఫ్లోరైడే దానికి గారణము. దర్శి, పొదిలి, కనిగిరి యప్పుడా జిల్లాలోనివే. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము మించకుండుట మేలనియు, వేఱు నీరు దొరకనిచోట ఒకటిన్నర వఱకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. ఇది రుచికి దెలియదు, వాసనకు దెలియదు. కాచిన పోదు సరికదా, నీరు ఇగిరిన కొలదిని చిక్కనగును. క్రొత్తపండ్లు వచ్చు వయసు పిల్లలకు పండ్లమీద సుద్దమచ్చలు, గోధుమరంగు చారలు పడును. ఏండ్ల తరబడి త్రాగినవారికి కీళ్లు బిగియును, నడుము వంగును. నీళ్లు మోయువారు స్త్రీలు. ఏ నీరు తేవలెనో నిశ్చయించువారును స్త్రీలే. ఆ విషయము మాత్రము వారికి జెప్పువారు తక్కువ.

వారము దినములు గడచునప్పటికి పుస్తకములు నిండినవి. ఏ బావినీట పప్పుడుకునో, ఏ నీట ఉడుకదో, ఏది యెప్పుడు పూడ్చిరో, ఏ బావికి బండ్లు కట్టుకొని పొరుగూళ్లవారు వచ్చెడివారో అవ్వలు చెప్పగా పిల్లలు వ్రాసిరి. పెద్దమ్మగారు చెప్పిన మంచినీళ్ల బావి యొక యింటి పంచక్రింద బడియున్నదని తేలినది. పప్పుడుకనంత మాత్రమున ఫ్లోరైడున్నట్లు గాదు, ఉడికినంత మాత్రమున లేనట్లును గాదు. కావున నాలుగుచోట్ల నీటిని సీసాలలో బట్టి ప్రభుత్వ పరీక్షాశాలకు బంపిరి. ఒక చేతిపంపు నీరు పరిమితికి మించినదని తెలిసినది. దానికి ఎఱ్ఱరంగు పూసి, బట్టలకు మాత్రమే యని పలకమీద వ్రాసి కట్టిరి. అటుపిమ్మట నా పంపు నీటిని బిందెలతో నింటికి మోసికొనిపోవువారిని నేను జూడలేదు.

ఇంకను దిద్దవలసినది గలదు. దొనకొండలోని రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాశ్రయము, మార్కాపురపు చెన్నకేశవస్వామి గుడివీథులు, గుండ్లకమ్మ కడ్డముగా గట్టిన కంభముచెఱువు గుప్తమణికి తగిన తావులే. కంభముచెఱువును వరదరాజమ్మ యను విజయనగరపు రాణి కట్టించెనని చెప్పుదురు. స్త్రీల యాటకు అంతకంటె మంచి చోటు వేఱెచ్చట? కాని యవి బస్సు ప్రయాణములు. ముందుగా దీర్పవలసినది వేఱొకటి. రెండేండ్లును కూలికిబోవు స్త్రీలలో నొక్కరైనను రాలేదు. వారికి జనవరి మిరపకోతల కాలము. పదింటికిని నాలుగింటికిని నడుమ వారు చేలలో నుందురు. పొలములలోని బావులు, వాగుచెలమలు వారికి దెలిసినంత వీథివారికి దెలియవు. ఈసారి ముక్కనుమనాడు, కోతలు లేని దినమున, వారి వాడనుండియే పోటీ నారంభింపవలెనని మా వదినగారు పట్టుబట్టుచున్నారు. డబ్బాలు దాచుపనిని గూడ వారికే యప్పగింపుడని నే నుత్తరము వ్రాసితిని.