గౌరి కేసు

"కుక్కని ఎంతకు కొన్నారమ్మా? బిల్లు ఉందా?" అని వకీలుగారు అడగ్గానే అత్తయ్య ముఖం మాడిపోయింది. రైతుబజారు వెనక కాల్వగట్టు మీద వణుకుతున్న కుక్కపిల్ల గౌరిని చెంగులో చుట్టుకొచ్చి పెంచింది ఆవిడే. చట్టం పెంపుడు జంతువుని ఆస్తిగానే లెక్కేస్తుంది. వీధికుక్కకి ఖరీదు కట్టేదెవరు? ఆయనే సర్దిచెప్పారు: "మన కేసు కుక్క ధర గురించి కాదమ్మా. డబ్బు తీసుకుని చేసిన వైద్యంలో లోపం గురించి."

గౌరికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. సాయంత్రానికే ఇంటికి పంపేశారు. రాత్రి పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వేలితో నొక్కి వదిలినా ఎరుపు తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే అసిస్టెంటు కుర్రాడు, "మత్తు దిగలేదండీ, పొద్దుటికి లేస్తుంది" అన్నాడు. ఎంత బతిమాలినా డాక్టరుకి ఫోను ఇవ్వలేదు. తెల్లారకముందే పోయింది.

పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన పక్కింటి బాబాయిగారే మమ్మల్ని ఆపారు. "పాతిపెట్టకండి. పోస్టుమార్టం లేకపోతే మీ మాట ఎవరూ వినరు. ఫ్రీజర్లో మాత్రం పెట్టొద్దు, లోపలి భాగాలు పాడైపోతాయి." చేపల మార్కెట్ నుంచి ఐసు తెచ్చి చుట్టూ పేర్చి, గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళాం. పొట్టనిండా రక్తం. అండాశయం తీసిన చోట రక్తనాళానికి వేసిన ముడి జారిపోయింది.

ఆ రిపోర్టుతో పని అయిపోయిందనుకున్నాం. వకీలుగారు ఒప్పుకోలేదు. ముడి జారడం మంచి డాక్టరు చేతిలోనూ జరగొచ్చట. వైద్యం వికటించినంత మాత్రాన అది నిర్లక్ష్యం అయిపోదని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. "ఆ తర్వాత ఎవరూ చూడకపోవడమే తప్పు. దాన్ని పట్టుకుందాం" అన్నారు. మా కేసుకి ప్రాణం పోసింది ఆ మాటే. ఫోన్ కాల్స్ చిట్టా, చిగుళ్ళు కనిపించేలా మా అబ్బాయి తీసిన ఫోటో, ఆపరేషన్ తర్వాత ఒక్క పరీక్షా రాయని కేస్‌షీటు, అన్నీ జతచేశాం.

2019 వినియోగదారుల చట్టం ప్రకారం రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌కు వెళ్ళాలి. 5 లక్షల లోపు విలువైన ఫిర్యాదుకి రుసుము లేదు. ఇవి ముందే తెలిస్తే చాలామంది ఏడ్చి ఊరుకోరు. మరో డాక్టరు మీద అభిప్రాయం రాసిచ్చే పశువైద్యుణ్ణి వెతకడమే గగనమైంది. ఆఖరికి ఒక పెద్దాయన రాసిచ్చారు. ఆయనకి చేతులెత్తి దణ్ణం పెడతాను.

అవతలివాళ్ళు మా సంతకమున్న అంగీకారపత్రం చూపించారు. ఆపరేషన్‌కి ఒప్పుకోవడమంటే నిర్లక్ష్యానికి ఒప్పుకోవడం కాదని కమిషన్ తేల్చింది. ఆపరేషన్ ఖర్చు, మనోవేదనకు పరిహారం, కేసు ఖర్చులు ఇప్పించింది.

చెక్కు వచ్చినా అత్తయ్య చల్లబడలేదు. పరిహారం ఇప్పించే అధికారం లేకపోయినా, డాక్టరు వృత్తి ప్రవర్తన మీద ఫిర్యాదు తీసుకునేది రాష్ట్ర పశువైద్య మండలే. అక్కడ మేం చేసిన ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. ఈసారి విచారణకి తనే వచ్చి మాట్లాడతానంటోంది.