ఓటమి పాఠాలు చెప్పే కృష్ణాతీరం

ఎదురుగా ఒక్కడే ప్రత్యర్థి. పక్కన జట్టు ఉండదు, వానొచ్చి ఆట ఆగిపోదు. ఓడితే నెపం వేయడానికి ఎవరూ దొరకరు. గళ్ల బల్ల మీదైనా, టీవీ తెర మీదైనా ఇద్దరి మధ్య పోరంటే అంతే. అలాంటి పోరులో కొత్తగా దిగినవాళ్లు ముందు ఓడిపోతారు. ఆ తర్వాత మళ్లీ ఓడిపోతారు. మరి ఆట ఎప్పుడు వస్తుంది? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ఊళ్లు కృష్ణాతీరంలో చాలానే ఉన్నాయి.

బెజవాడకు అటూ ఇటూ

1850ల్లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాక డెల్టా రూపురేఖలు మారిపోయాయి. ఆ పాత కట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడి నుంచి బయల్దేరే ఏలూరు, బందరు, రైవస్ కాలువలు నగరం మధ్యలోంచి పారుతూ తూర్పు పొలాలకు వెళతాయి. ఆ పచ్చదనం వెంటే మచిలీపట్నం వైపు రైల్లో వెళితే గుడివాడ వస్తుంది. అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం, ఘంటసాల పుట్టిన చౌటపల్లి ఆ చుట్టుపక్కలే. బౌద్ధ స్తూపం ఆనవాళ్లూ ఉన్నాయి. బ్యారేజీ దాటి నైరుతి వైపు వెళితే ముప్ఫై అయిదు కిలోమీటర్లలో గుంటూరు. గుడివాడ, విజయవాడ, గుంటూరు... ఈ మూడింటినీ కలిపి చూస్తే చదరంగం పటం ఒకటి తయారవుతుంది.

పులులు మూడు, మేకలు పదిహేను

చదరంగం కన్నా ముందు ఈ పల్లెల్లో పులి-మేక ఉండేది. పాత గుళ్ల మండపాల్లో, రచ్చబండల మీద దాని గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. బొగ్గుముక్కతో నేల మీద గీసుకున్నా ఆట సాగుతుంది. ఒకరికి మూడు పులులు, ఇంకొకరికి పదిహేను మేకలు. మేక వెనక గడి ఖాళీగా ఉంటే పులి దూకి దాన్ని తినేస్తుంది. పులులన్నీ కదలలేకుండా కట్టేస్తే మేకలదే గెలుపు.

కొత్తగా ఆడే పిల్లాడికి మేకలిస్తే ఏం చేస్తాడు? ఎక్కడ పడితే అక్కడ పెట్టేస్తాడు. నాలుగు నిమిషాల్లో సగం మేకలు పోతాయి. అయిదారు ఆటలయ్యాక ఒక విషయం తడుతుంది: మేకను పెట్టేముందు దాని వెనక ఏముందో చూసుకోవాలి. అది తెలిసిన రోజు నుంచి పులికి తిండి కష్టమవుతుంది. పోరాట ఆటలన్నిటికీ మొదటి పాఠం అదే... కొట్టడం కన్నా ముందు దెబ్బ తినకుండా ఉండటం నేర్చుకోవాలి!

గుడివాడ అమ్మాయి

1987 మార్చి 31న గుడివాడలో పుట్టిన పాపకు, ఛాంపియన్ కావాలన్న ఆశతో నాన్న కోనేరు అశోక్ ‘హంపి’ అని పేరు పెట్టుకున్నారు. ఆంగ్లంలో రాసేటప్పుడు రష్యన్ పేరులా కనిపించాలని తర్వాత అక్షరాలు కూడా మార్చారు. ఆయన స్వయంగా చదరంగం ఆటగాడు. తాను ఎత్తులు చూసుకుంటుంటే చిన్నారి పక్కన చేరి ఎత్తు చెప్పడం గమనించారు. ఆమె శిక్షణ కోసం పాఠాలు చెప్పే ఉద్యోగాన్నే వదిలేశారు. మధ్యతరగతి ఇంట్లో అది చిన్న నిర్ణయం కాదు. గెలుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు.

1997లో పదేళ్లలోపు, 1998లో పన్నెండేళ్లలోపు, 2000లో పద్నాలుగేళ్లలోపు బాలికల ప్రపంచ టైటిళ్లు వచ్చాయి. 2002లో పదిహేనేళ్ల ఒక నెల ఇరవై ఏడు రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటికి ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ హోదా సాధించిన మహిళ లేరు.

అయితే హంపి కథలో నేర్చుకోవాల్సింది గెలుపుల జాబితా కాదు. 2011లో ప్రపంచ టైటిల్ పోరులో చైనా క్రీడాకారిణి హౌ యిఫాన్ చేతిలో ఓడిపోయారు. పాప పుట్టాక కొన్నాళ్లు ఆటకు దూరమయ్యారు. తిరిగొచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయ్యారు. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మళ్లీ అదే టోర్నీ. మొదటి రౌండ్‌లోనే ఓటమి! ఇంకొకరైతే అక్కడే డీలా పడేవారేమో. ఆమె మాత్రం పదకొండు రౌండ్లు ముగిసేసరికి 8.5 పాయింట్లతో రెండోసారి విజేతగా నిలిచారు. 2025 జులైలో బటుమిలో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో యువ క్రీడాకారిణి దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడారు. ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో ఫైనల్ దాకా రావడమే ఒక పాఠం.

ఆ ఒడ్డున గుంటూరు

గుంటూరు జిల్లాకు చెందిన పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్, 2004లో ప్రపంచ జూనియర్ ఛాంపియన్. అదే గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్ హోదా అందుకున్నారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 2012, 2015, 2017ల్లో మూడు కాంస్యాలు ఆమెవి. 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా బల్ల ముందు కూర్చుని జట్టుకు కాంస్యం తెచ్చినవారిలో హారిక ఒకరు. ఆ జట్టులో హంపి కూడా ఉన్నారు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత్‌కు రెండు విభాగాల్లోనూ స్వర్ణాలు దక్కితే ఒక జట్టులో హరికృష్ణ, ఇంకో జట్టులో హారిక! విజయవాడ కుర్రాడు లలిత్‌బాబు కూడా 2012లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు.

ఇదంతా ఏదో నీటి మహిమ అనుకుంటే పొరపాటే. చదరంగంలో ఒక మంచి అలవాటు ఉంది. పెద్ద పోటీల్లో ఆటగాళ్లు ప్రతి ఎత్తునూ కాగితం మీద రాసుకుంటారు. ఓడినా కాగితం చేతిలో మిగులుతుంది. సాయంత్రం దాన్ని ముందేసుకుని ‘ఎక్కడ తప్పు జరిగింది?’ అని గురువుతో కలిసి వెతుకుతారు. ఏడుపు అయిదు నిమిషాలు, వెతుకులాట గంట. ఎదుగుదల రహస్యం ఆ గంటలో ఉంది.

తెర మీద కుస్తీ

ఇప్పటి పిల్లల పోరు మాత్రం ఎక్కువగా తెర మీదే. 1991లో ‘స్ట్రీట్ ఫైటర్ 2’, 1994లో ‘టెక్కెన్’ వచ్చాయి. నాణెం వేసి ఆడే మిషన్ల నుంచి టీవీకి తగిలించే పెట్టెల దాకా, అక్కడి నుంచి కంప్యూటర్ల దాకా పాకాయి. చూసేవాళ్లకు అది రెండు బొమ్మలు తన్నుకోవడం. ఆడేవాళ్లకు మాత్రం చదరంగమే, కాకపోతే ఆలోచించడానికి టైం ఉండదు!

ఈ ఆటల్లో సాధారణంగా సెకనుకు అరవై ఫ్రేములు. ప్రతి దెబ్బకూ మూడు దశలుంటాయి: చెయ్యి లేవడం, దెబ్బ తగలడం, చెయ్యి వెనక్కి రావడం. పెద్ద దెబ్బకు వెనక్కి రావడానికి ఎక్కువ ఫ్రేములు పడతాయి. ఆ సందులో ఎదుటివాడు కొట్టేస్తాడు. అంటే వెనక గడి ఖాళీగా ఉన్న మేకే ఇది కూడా!

కొత్తవాడు చేసే పని ఎక్కడైనా ఒకటే... కనిపించిన బటన్లన్నీ టపటపా నొక్కేయడం. అనుభవం ఉన్నవాడి ముందు అది నిలవదు. ఎదగాలంటే దారి తేలికైనదే. ఒకే పాత్రను ఎంచుకుని దాంతోనే కొన్ని నెలలు ఆడాలి. పొడవాటి కాంబోల జోలికి పోకుండా ముందు అడ్డుకోవడం, గాల్లో దూకి వచ్చేవాణ్ని కొట్టడం నేర్చుకోవాలి. ప్రాక్టీసు మోడ్‌లో రోజూ కాసేపు ఒక్క పని మాత్రమే సాధన చేయాలి. ఆ పూట ‘గెలవాలి’ అని కాకుండా ‘దూకిన ప్రతిసారీ ఆపాలి’ అని చిన్న లక్ష్యం పెట్టుకోవాలి. ఓడిన ఆట రికార్డింగు చూడాలి. తనకన్నా కాస్త మెరుగైనవాళ్లతో ఆడాలి, మరీ పైవాళ్లతో ఆడితే ఏం తప్పు చేశామో కూడా అర్థం కాదు.

పేరున్న నగరాల్లోనే ఇది సాధ్యమనుకోనక్కర్లేదు. లాహోర్‌లోని చిన్న చిన్న గేమ్ పార్లర్లలో రాటుదేలిన అర్సలాన్ ఐష్ 2019లో జపాన్‌లోనూ, అమెరికాలోనూ ‘ఈవో’ టెక్కెన్ టైటిళ్లు గెలిచి అందరినీ ఆశ్చర్యపరిచాడు.

హాంగ్జౌలో మూడు ఆటలు

2023లో చైనాలోని హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ దారులన్నీ కలిశాయి. ‘స్ట్రీట్ ఫైటర్ 5’కు అక్కడ పతకాలిచ్చారు. స్వర్ణం గెలిచింది ఎవరో కుర్రాడు కాదు, నలభై నాలుగేళ్ల కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూ! చదరంగంలో హంపి, హారిక ఉన్న మహిళల జట్టుకు రజతం. ఇక విలువిద్యలో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖకు మూడు స్వర్ణాలు. నాలుగేళ్ల వయసులో కృష్ణా నదిని ఈది లిమ్కా బుక్‌లోకెక్కిన సురేఖ తర్వాత విల్లు పట్టారు. 2021లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మూడు పతకాలూ రజతాలే. మూడుసార్లు అంచుదాకా వెళ్లి ఆగిపోయినా విల్లు పక్కన పెట్టలేదు. రెండేళ్ల తర్వాత అవి స్వర్ణాలయ్యాయి.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

పిల్లాడు ఓడి రిమోట్ విసిరేస్తే చాలా ఇళ్లలో వినిపించే మాట ‘చాల్లే ఇక ఆ దిక్కుమాలిన ఆట’. ఆట ఎంతసేపన్నది పెద్దలే నిర్ణయించాలి, అందులో సందేహం లేదు. చదువు, నిద్ర ముందు. డబ్బు పెట్టి ఆడే ఆటలైతే అసలే వద్దు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ జూదంపై నిషేధం తెచ్చింది. 2025లో కేంద్రం చేసిన చట్టం డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం విడిగా గుర్తించింది. ఆ తేడా ఇంట్లో అందరికీ తెలియాలి.

కానీ ఓడిన పిల్లాణ్ని ఆట మాన్పించేముందు ఒక్క ప్రశ్న వేసి చూడండి: ‘ఎక్కడ దెబ్బ తిన్నావు నాన్నా?’ అని. వాడు చెప్పగలిగితే సగం ఆట వచ్చినట్టే. చెప్పలేకపోతే ఇద్దరూ కూర్చుని వెతకొచ్చు. గుడివాడలో ఒక నాన్న చేసింది ఆ పనే, కాకపోతే చాలా ఏళ్లపాటు చేశారు. ఈ సెలవుల్లో డెల్టా వైపు వెళితే గుడి మండపంలో పులి-మేక గీతలు ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి. నాలుగు గులకరాళ్లు ఏరుకుని పిల్లలతో ఒక ఆట ఆడండి. మొదట మేకలు వాళ్లకివ్వండి!