తార్నాక దారిలో మూడు మజిలీలు

పిల్లలూ! బడంగ్‌పేట్ రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదు నగరానికి ఆగ్నేయపు అంచున ఉన్నది. వినాయకుడి లడ్డూ వేలంపాటకు పేరుపడ్డ బాలాపూర్ దీనికి పొరుగూరే. ఇక్కడినుంచి మీర్‌పేట మీదుగా ఎల్.బి.నగర్ చేరి, నాగోలు, ఉప్పల్, హబ్సిగూడ దాటుకుంటూ తార్నాక దాకా వెళ్ళవచ్చు. వెనకటి బాటసారులు మజిలీకి ఒక కథ చొప్పున చెప్పుకునేవారు. మన దారిలోనూ మూడు మజిలీలున్నాయి, మూడు కథలున్నాయి. ఈ కథల్లో రాజులూ రాక్షసులూ లేరు. మన ఒంట్లో ఉండి కంటికి కనిపించని వస్తువులే పాత్రలు.

నాగోలు దగ్గర మూసీనది దాటి ఉప్పల్ వైపు వస్తే సి.డి.ఎఫ్.డి. అనే కేంద్రప్రభుత్వ సంస్థ ఉన్నది. డి.ఎన్.ఎ. సాయంతో మనుషుల ఆనవాలు పట్టటమూ, పుట్టుకతో వచ్చే జబ్బులకు కారణాలు వెతకటమూ ఈ సంస్థ పనులు. ఇది మన మొదటి మజిలీ.

మన శరీరమంతా జీవకణాలతో కట్టినది. కణం లోపల క్రోమోజోములనే సన్నని పోగులుంటాయి. వాటిని చూడటానికి ముందుగా కొద్దిగా రక్తం తీస్తారు. అందులోని తెల్లకణాలను మూడు రోజులపాటు పెంచి, అవి రెండుగా చీలబోయే అదను చూసి మందు వేసి ఆపుతారు. తరవాత రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తారు. అవి ఎన్ని ఉంటాయి? చాలాకాలం 48 అనుకునేవారు. 1956లో త్జియో, లెవాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 46 అని తేల్చారు. అంటే 23 జతలు. ప్రతి జతలోనూ ఒకటి అమ్మ ఇచ్చినది, ఒకటి నాన్న ఇచ్చినది.

1959లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు ఇంకొక సంగతి బయటపెట్టారు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లలకు 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడున్నాయి. అందుకే ఇప్పుడు మూడో నెలలో 21వ తేదీని ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా జరుపుతున్నారు.

ఆ మూడోది ఎలా వచ్చింది? బిడ్డ పుట్టుకకు మూలమైన కణం తయారయేటప్పుడు ప్రతి జతా విడిపోవాలి. ఎప్పుడో ఒకసారి ఒక జత విడిపోకుండా అలాగే ఉండిపోతుంది. అంతే! తల్లి గ్రహణంనాడు కూర తరిగినందువల్ల కాదు, ఏదో తినకూడనిది తిన్నందువల్ల కాదు. అటువంటి బిడ్డ పుడితే కొందరు తల్లిని ఆడిపోసుకుంటారు. సూక్ష్మదర్శిని ఆ తల్లి పక్షాన సాక్ష్యం చెబుతున్నది. ఆ బిడ్డ పాఠాలు కాస్త నెమ్మదిగా నేర్చుకుంటాడు గాని, నేర్చుకుంటాడు. ఆటల్లో వాణ్ణి కూడా కలుపుకోండి.

ఉప్పల్ చౌరస్తా దగ్గర తిరిగి హబ్సిగూడకు వస్తే సి.సి.ఎం.బి. కనిపిస్తుంది. 1977లో మొదలైన ఈ సంస్థకు పుష్పమిత్ర భార్గవ తొలి డైరెక్టరు. జీవకణం లోపల జరిగే పనులను అణువుల స్థాయిలో పరిశోధించటం ఇక్కడివారి పని. ఇది రెండో మజిలీ.

క్రోమోజోము ఒక పుస్తకమనుకుంటే అందులోని రాత డి.ఎన్.ఎ. ఆ రాతను బట్టే మన చెవి కూడా తయారవుతుంది. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి గది ఒకటి ఉన్నది. అందులో సుమారు 15,000 రోమకణాలుంటాయి. శబ్దం తాకగానే వాటి రోమాలు వంగుతాయి. ఆ కదలిక విద్యుత్తుగా మారి, నరం గుండా మెదడుకు చేరుతుంది. అప్పుడే మనకు వినిపిస్తుంది.

వినికిడికి కావలసిన ఒక పేజీ అమ్మ పుస్తకంలో చెడినా, నాన్నది బాగుంటే చాలాసార్లు పని జరిగిపోతుంది. రెండింటిలోనూ అదే పేజీ చెడితే బిడ్డకు చెవుడు రావచ్చు. మేనరికపు పెళ్ళిళ్ళలో భార్యాభర్తల పూర్వీకులు ఒక్కరే గనక ఈ ప్రమాదం పెరుగుతుంది. అలాంటి ఇళ్ళలో కూడా ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. కాని పరీక్ష చేయించటం మంచిది. పుట్టిన కొద్ది రోజులకే పాపకు వినిపిస్తున్నదీ లేనిదీ యంత్రంతో తెలుసుకోవచ్చు. మెదడు మాట నేర్చేది పసితనంలోనే. “పెద్దయితే వాడే మాట్లాడతాడులే” అని కూర్చుంటే ఆ కాలం మళ్ళీ రాదు.

మూడో మజిలీ తార్నాకలోని ఐ.ఐ.సి.టి. నిజాం ప్రభుత్వ కాలంలో, 1944లో మొదలైన ఈ రసాయన పరిశోధనశాలకు ఇప్పటి పేరు 1989లో వచ్చింది. గుంటూరులో పుట్టిన ఎ.వి. రామారావు డైరెక్టరుగా ఉండగా, ఎయిడ్స్‌కు వాడే జిడోవుడిన్ అనే మందును చవకగా తయారుచేసే పద్ధతి ఇక్కడ కనిపెట్టారు.

మందు తయారుచేయగానే పని అయిపోదు. 1943లో అమెరికాలో కనిపెట్టిన స్ట్రెప్టోమైసిన్ సంగతి చూడండి. క్షయరోగులను అది చావునుంచి కాపాడింది. కాని వారిలో కొందరికి చెవుడు వచ్చింది. ఆ మందు రోమకణాలను చంపుతుంది. మనుషుల్లో అవి మళ్ళీ మొలవవు. కోడికి మాత్రం మొలుస్తాయి! 1993లో ఇంకొక రహస్యం తెలిసింది. కణంలో మైటోకాండ్రియా అనే భాగానికి సొంత డి.ఎన్.ఎ. ఉన్నది. అందులో ఒక్క అక్షరం మారినవారికి ఈ జాతి మందు కొద్ది మోతాదులోనే చెవుడు తేగలదు.

చూశారా! మందూ, రాతా, చెవీ ఒక్కచోట కలిశాయి. మందు చేసేవాడికి చెవిని గురించి తెలియాలి. చెవి వైద్యుడికి డి.ఎన్.ఎ. గురించి తెలియాలి. కోడి చేయగలిగినది మనిషి చెవి చేత చేయించటం ఎలాగని ప్రపంచమంతటా పరిశోధకులు వెతుకుతున్నారు. దానికి జవాబు ఇంకా దొరకలేదు.

జాతీయ విజ్ఞాన దినమైన ఫిబ్రవరి 28 వంటి రోజుల్లో ఇలాంటి పరిశోధనశాలలు బడిపిల్లలను లోపలికి రానివ్వటం కద్దు. మీ మాస్టారిని అడిగి చూడండి. సూక్ష్మదర్శిని మీ ముందుకు వస్తే తొందరపడకుండా లెక్కపెట్టండి. 48 కాదు, 46 అని తెలిసింది అలా ఓపికగా లెక్కపెట్టినవారి వల్లనే.