హెరాల్డ్ డిక్కీలో పానాల సంచీ

పాత కారుకి రంగు వేయించడం తేలిక. సీట్లు కుట్టించడం తేలిక. డిక్కీలో ఉండే పానాల సంచీని సరిగ్గా నింపడం మాత్రం అంత తేలిక కాదండీ. ఛాసిస్‌కి నంబరు ఉంటుంది, ఇంజనుకి నంబరు ఉంటుంది. పానాకి ఏముంటుంది? అది ఏ బండితో వచ్చిందో చెప్పే ఆర్సీ బుక్ ఎక్కడా దొరకదు. పాత కార్ల పోటీల్లో జడ్జీలు ఈ సంచీ కూడా విప్పించి చూస్తారు. మన దగ్గర చాలామందికి అసలు అలాంటి సంచీ ఒకటి ఉంటుందనే తెలియదు.

నాకు ఈ గోల అంటుకున్నది మా చిత్తూరు మావయ్య వల్ల. ఆయన దగ్గర 1960ల నాటి స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. డల్లాస్‌లో ఉంటున్న ఆయన కొడుకు ఫోన్ చేసి, "నాన్న డెబ్భై అయిదో పుట్టినరోజుకి ఒరిజినల్ టూల్ కిట్ కొనిస్తా. ఏమేం కావాలో లిస్ట్ పంపు బావా. ఆ సంచీలో ఉన్న చెత్తంతా పారేయించు" అన్నాడు. ఇంగ్లండులో ఎవరో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు కిట్ చూపించి, "హెరాల్డ్‌కీ ఇదే" అన్నారట.

అందులో సగం నిజం ఉంది. ట్రయంఫ్ వాళ్ళు 1959లో హెరాల్డ్ తెచ్చారు. ఇటలీ డిజైనర్ మికెలొట్టి గీసిన బండి. దాని ఛాసిస్‌నే పొట్టి చేసి, 1962లో స్పిట్‌ఫైర్‌ని దింపారు. మన భాషలో చెప్పాలంటే ఒకే కోడ్‌బేస్, రెండు ప్రోడక్టులు. కానీ మావయ్య బండి పుట్టింది ఇంగ్లండులో కాదు, 1961 నుంచి హెరాల్డ్ తయారైన మన పక్కూరు మద్రాసులో. అలాంటప్పుడు ఇంగ్లండు కిట్ కొనితెచ్చి పెడితే అది ఒరిజినల్ ఎలా అవుతుంది?

సరే, అసలు పనికొద్దాం. పానా వయసు కనుక్కోవాలంటే ముందు చూడాల్సింది తుప్పు కాదు, దానిమీద కొట్టిన అంకెలు. తుప్పు ఉప్పునీళ్ళతో వారంలో తెప్పించొచ్చు. అంకెలు మాత్రం మూడు వంశాలు: విట్‌వర్త్, ఏఎఫ్, మిల్లీమీటరు. ఏఎఫ్ పానా మీద 1/2 అని ఉంటే మూతి వెడల్పు అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. విట్‌వర్త్ పానా మీద 1/4 అని ఉంటే మాత్రం అది మూతి కొలత కాదు, బోల్టు కాడ మందం! మూతి కొలిస్తే 13.3 మిల్లీమీటర్లు వస్తుంది. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒకే మరల కొలతకి ఒప్పుకున్నాక ఏఎఫ్ పానాలు బ్రిటిష్ కార్లలోకి వచ్చాయి. హెరాల్డ్, స్పిట్‌ఫైర్ ఆ తర్వాతి తరం బళ్ళు కాబట్టి ఈ సంచీలో ఎక్కువగా ఉండాల్సింది ఏఎఫ్.

అలాగని లెక్క ఎప్పుడూ ఇంత శుభ్రంగా ఉండదు. వీటికి ముందు తరం స్పోర్ట్స్ కారు ఎంజీ టీసీ ఉంది చూశారూ, దాని ఇంజనులో మరలు మెట్రిక్, బోల్టు తలకాయలు విట్‌వర్త్! ఇంటర్‌ఫేస్ ఒకటి, లోపల ఇంప్లిమెంటేషన్ ఇంకొకటి. లెగసీ కోడ్ మనకే సొంతం అనుకుంటాం గానీ :)

చిత్తూరు వెళ్ళి సంచీ బోర్లించాం. ఏఎఫ్ పానాలు రెండు, మేడ్ ఇన్ ఇంగ్లండ్. ఇవి బండితో వచ్చి ఉండొచ్చు. జాకీ ఉంది. ప్లగ్ విప్పే గొట్టం పానా లేదు. మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ అని ఒక రింగ్ స్పానరు. ఆ పేరుతో దేశం 1949 నుంచి 1990 దాకానే ఉంది కాబట్టి దాని వయసు ఆ మధ్యనే. టాపరియా స్క్రూడ్రైవరు ఒకటి. ఆ కంపెనీ ఉత్పత్తి మొదలుపెట్టిందే 1969లో, అంటే కారు కంటే చిన్నది. చివరగా ఒక విట్‌వర్త్ పానా, 1/4. దానికి దారంతో కట్టిన విరిగిన హాక్సా బ్లేడు ముక్క.

హెరాల్డ్ సంచీలో విట్‌వర్త్ ఏం చేస్తోంది? ఆలోచిస్తే తట్టింది. ఆ కాలంలో మా వైపు గ్యారేజీల్లో ఎక్కువ ఏముండేవి? బుల్లెట్లు. 1955 నుంచి అవి కూడా మద్రాసులోనే తయారయ్యాయి, వాటి మరలు పాత బ్రిటిష్ కొలతలు. అదే మావయ్యని అడిగితే నవ్వేశాడు. "అది బుల్లెట్ మేస్త్రీది రా. తిరుమల పోయేటప్పుడు బండి ఆగిపోతే వచ్చి బాగుచేసినాడు. పానా లూజుగా ఉండాదని బ్లేడు ముక్క సందులో దూర్చి తిప్పినాడు. మళ్ళా అవసరం పడతాదని నాకే ఇచ్చేసినాడు." 13.3 మూతి, 12.7 నట్టు. మధ్యలో ఉన్న ఆ 0.6కి బ్లేడు ముక్కే సమాధానం. పుత్తూరు కట్టు లాంటి వైద్యం అన్నమాట!

సంచీ అడుగున ఒక చెక్క ముక్క కూడా ఉంది. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చేదాకా తిరుమలకి ఎక్కే బళ్ళూ దిగే బళ్ళూ 1944 నాటి మొదటి రోడ్డు మీదే. ఇంజను వేడెక్కి బండి ఆపితే వెనక్కి జారకుండా చక్రం కింద పెట్టే చెక్క అది. కోవెంట్రీలో అచ్చేసిన ఏ కేటలాగులోనూ దాని పార్ట్ నంబరు ఉండదు.

నా అభిప్రాయం ఏంటంటే, ఒరిజినల్ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఫ్యాక్టరీ ఇచ్చినవి ఒకటి, బండి బతుకులో వచ్చి చేరినవి రెండోది. మొదటి దానికి కొలత హ్యాండ్‌బుక్కు, విడిభాగాల కేటలాగు, అవి కూడా మద్రాసు బండివి. రెండో దానికి కొలత మనిషి జ్ఞాపకం. రెంటినీ కలిపేస్తే అబద్ధం, రెండోదాన్ని పారేస్తే నష్టం. ఇంగ్లండులో డబ్బు పెడితే ప్లగ్ పానా ఎప్పుడైనా దొరుకుతుంది. ఆ మేస్త్రీ పానా కథ చెప్పగలిగిన మనిషి మాత్రం ఒక్కడే, ఆయనకి డెబ్భై అయిదేళ్ళు.

మా వాడికి పంపిన లిస్టులో ఒకే ఒక్క వస్తువు రాశాను: ప్లగ్ పానా, 13/16. మిగతావి రెండు సంచీలుగా విడగొట్టి, ఒక్కోదానికి అట్టముక్క కట్టి, మావయ్య చెప్పింది చెప్పినట్టు రాశాను. "పోటీకి పెడితే మార్కులు పోతాయి కదా" అని వాడి బాధ. పోటీకి మొదటి సంచీ చూపించు, రెండోది ఇంట్లో ఉంచు అన్నాను. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

మీ ఇంట్లో కూడా పాత అంబాసిడరో, పద్మినియో, జావానో ఉంటే కొత్త కిట్టు ఆర్డర్ చేసే ముందు ఉన్న సంచీ ఒకసారి విప్పండి. అంకెలు ఫోటో తీసుకోండి. దాని పక్కన ఆ బండి నడిపిన పెద్దాయన్ని కూర్చోబెట్టి, ఒక్కోటీ చేతికిచ్చి అడగండి. ఈ దసరాకి ఊరెళ్ళినప్పుడే చేసేయండి.