యుద్ధానికో సాకు

మార్చి 13, 2023. రాబర్ట్‌సన్‌పేట

నిన్న ప్రధాని మండ్య వచ్చారు. దారిలో కట్టిన ఒక స్వాగత ద్వారానికి ఉరిగౌడ, నంజేగౌడ అని పేర్లు పెట్టి, గొడవ కాగానే తీసేసి, ఆదిచుంచనగిరి మఠం బాలగంగాధరనాథ స్వామి పేరు తగిలించారట. 1799లో మైసూరు సుల్తాన్ టిప్పును చంపింది ఇంగ్లీషువాళ్ళు కాదు, ఈ ఇద్దరు ఒక్కలిగ వీరులే అని కొందరి వాదన.

టీ కొట్టు దగ్గర పేపరు చూస్తున్నాయన, "ఇన్నాళ్ళూ వీళ్ళు ఎక్కడున్నారప్పా?" అన్నాడు. ఎదుటి బెంచీ మీది కుర్రాడు ఊరుకోలేదు. "చరిత్ర రాసింది చదువుకున్నోళ్ళు కదా సార్, సేద్యగాళ్ళ పేర్లు ఎందుకు రాస్తారు?"

ఆ మాటను కొట్టిపారేయలేం. ఈ కోలారు బంగారు గనుల్లో బండ కూలి చచ్చిపోయినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరి నోటికొస్తాయి? అయితే కుర్రాడు చెప్పింది ఆ పేర్లు ఎందుకు దొరకవో. వీళ్ళిద్దరూ ఉండేవాళ్ళనడానికి అది రుజువు కాదు.

మార్చి 18

మా జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి మునిరత్న సినిమా నిర్మాత కూడా. 'ఉరిగౌడ నంజేగౌడ' అని టైటిల్ రిజిస్టర్ చేయించారు. సినిమా వచ్చిందంటే ఇక సాక్ష్యంతో పనేముంది? మా ఊరు చూస్తే చాలు. 'కేజీఎఫ్' చూసి బెంగళూరు నుంచి బైకుల మీద దిగుతారు పిల్లలు. సైనైడ్ దిబ్బల ముందు ఫొటోలు తీసుకుని, సినిమాలోని నరాచి ఎక్కడని ఆటోవాళ్ళను అడుగుతారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతని చెబితే ఓహో అని మర్యాదకు తలాడించి, మళ్ళీ నరాచి గురించే అడుగుతారు.

టిప్పు శవం శ్రీరంగపట్నం కోట నీళ్ళగుమ్మం దగ్గర శవాల గుట్టలో దొరికింది, ఆ రాత్రి దివిటీల వెలుగులో. చంపిన సిపాయి ఎవరో ఇప్పటికీ తేలలేదు. కట్టుకథకు చోటిచ్చింది ఆ ఖాళీయే.

మార్చి 21

సినిమా ఆగింది. నిన్న ఆదిచుంచనగిరి నిర్మలానందనాథ స్వామి మంత్రిని పిలిపించి మాట్లాడారు. ఆధారాలు లేకుండా సమాజాన్ని రెచ్చగొట్టొద్దు, శాసనాలో పత్రాలో ఉంటే తెచ్చి చూపండి, అప్పుడు చూద్దాం అన్నది ఆయన మాటల సారాంశం. ఒక్కలిగల పెద్ద మఠం అది. తమ కులానికి కీర్తి తెచ్చే కథను ఆ కులం మఠమే ఒద్దంది. ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయి. మఠం లెక్కలు మఠానికీ ఉండే ఉంటాయి. ఉన్నా సరే, రుజువు అడిగింది కాషాయం, లేకుండానే బయల్దేరింది రాజకీయం.

రుజువు అనగానే గుర్తొచ్చింది, నిన్నటికి ఇరాక్ యుద్ధం మొదలై ఇరవై ఏళ్ళు. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్, ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంస ఆయుధాలున్నాయంటూ, ఐక్యరాజ్యసమితిలో చిన్న సీసా ఎత్తి చూపించారు. మార్చి మొదట్లో పోప్ రెండో జాన్ పాల్ తన దూతగా కార్డినల్ పియో లాఘీని బుష్ దగ్గరికి పంపి, ఈ యుద్ధం ఒద్దని చెప్పించారు. బుష్ వినలేదు. ఆయుధాలు దొరకలేదు. 2016లో బ్రిటన్‌లో ఆ యుద్ధం మీద చిల్కాట్ నివేదిక వచ్చింది, లక్షల మాటలతో. ఇక్కడా మతపెద్దే అడ్డుపడ్డాడు. దీన్నిబట్టి మతపెద్దలంతా నిజం పక్షమని రాసుకుంటే నవ్విపోతారు. ఎన్ని యుద్ధాలకు వాళ్ళే కొబ్బరికాయ కొట్టలేదు!

మార్చి 22, ఉగాది

పంచాంగ శ్రవణం. శోభకృత్‌లోనూ యుద్ధభయం ఉందన్నారు. ఏ ఏడు లేదని? గ్రహాల మీదికి తోసేస్తారు, అదొక సుఖం, ఎవరినీ సంజాయిషీ అడగక్కర్లేదు.

మార్చి 26. కోలారు

మఖ్బరాకు వెళ్ళాను. హైదరలీ తండ్రి, అంటే టిప్పు తాత, ఫతే మహమ్మద్ సమాధి ఇక్కడే. సిరా నవాబు కింద కోలారు ఫౌజుదారుగా ఉండేవాడు, బూదికోట జాగీరు. హైదర్ అక్కడే పుట్టాడు. రంజాన్ నెల, మధ్యాహ్నం ఎండ, అరుగు మీద ఇద్దరు ముసలివాళ్ళు ఉపవాసంతో నడుం వాల్చారు. ఒకాయన కళ్ళు తెరవకుండానే చెప్పులు ఎక్కడ విడవాలో చేత్తో చూపించాడు. తెలుగులోనే మాట్లాడాడు.

1782 డిసెంబరు 7న హైదర్ చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట మకాంలో చనిపోయాడు. టిప్పు అప్పుడు మలబారులో. చావు కబురు పొక్కితే సైన్యం చెదిరిపోతుందని మంత్రులు శవాన్ని సుగంధ ద్రవ్యాలతో పెట్టెలో పెట్టి, ఖజానా తరలిస్తున్నట్టు కాపలాతో ఇక్కడికి పంపించారు. కొన్నాళ్ళు తండ్రి పక్కనే ఉంచి, తర్వాత శ్రీరంగపట్నం గుంబజ్‌కు తీసుకెళ్ళారు. టిప్పు వచ్చి చేరేదాకా దర్బారు నడుస్తున్నట్టే నడిపించారు.

దీన్ని అబద్ధమనే అనాలి. కానీ ఈ అబద్ధం చదివినప్పుడు నాకు కోపం రాదు. యుద్ధంలో శత్రువుకు చెప్పే అబద్ధం ఇది. యుద్ధం ఎందుకని సొంత జనానికి చెప్పే అబద్ధం దగ్గరే నాకు మంట.

ఏప్రిల్ 9

ఆదివారమంతా పుస్తకాలతోనే. 1784లో బ్రిటన్ చేసిన పిట్ ఇండియా చట్టంలో ఒక మాట ఉంది: భారతదేశంలో రాజ్యాలు గెలవడం, ఏలుబడి పెంచుకోవడం తమ జాతి ఇష్టానికీ గౌరవానికీ విధానానికీ విరుద్ధమని. ఎంత పెద్ద మనసు! దాని ఫలితం మాత్రం యుద్ధాలు ఆగడం కాదు, ప్రతి యుద్ధానికీ ఒక కారణం సంపాదించాల్సి రావడం. ఎదుటివాడు దాడి చేయాలి, లేదా దాడికి సిద్ధమవుతున్నట్టు కాగితం ఉండాలి.

మూడో మైసూరు యుద్ధానికి తిరువాన్కూరు సరిహద్దు గోడ మీద టిప్పు చేసిన దాడి దొరికింది, 1789 డిసెంబరు. 1791లో గవర్నర్ జనరల్ కారన్‌వాలీసు మొగిలి కనుమ ఎక్కి, పలమనేరు మీదుగా కోలారు పట్టుకుని బెంగళూరు పోయాడు. టిప్పు ఆంబూరు వైపు కాచుకుని మోసపోయాడు. ఈ యుద్ధం న్యాయమా అని లండన్ పార్లమెంటులోనే ఫిలిప్ ఫ్రాన్సిస్, ఫాక్స్ లాంటివాళ్ళు నిలదీశారు. ఓట్లలో ఓడిపోయారనుకోండి.

నాలుగో యుద్ధం సాకు ఇంకా రంజైనది. 1797లో రిపో అనే ఫ్రెంచి ఓడదొంగ మంగళూరు చేరి, మారిషస్‌లో వేల మంది ఫ్రెంచి సైనికులు సుల్తాన్ పిలుపు కోసం కూచున్నారని కోశాడు. అక్కడ ఎవరూ లేరు. టిప్పు నమ్మి, వర్తకుల వేషంలో దూతల్ని రహస్యంగా పంపించాడు. గవర్నర్ మలార్తిక్ వాళ్ళకు ఫిరంగులు పేల్చి స్వాగతం చెప్పి, 1798 జనవరి 30న గోడల మీద ప్రకటన అంటించాడు: ఫ్రెంచివాళ్ళు రాగానే ఇంగ్లీషువాళ్ళ మీద యుద్ధానికి టిప్పు సిద్ధం, వచ్చేవాళ్ళు పేర్లు ఇవ్వండి. వచ్చింది నూరు మంది లోపే.

జూన్‌లో ఆ ప్రకటన కలకత్తా పత్రికలో అచ్చయింది. గవర్నర్ జనరల్ మార్నింగ్టన్ (తర్వాత వెల్లెస్లీ అయినాయన) వెంటనే సైన్యం కూర్చమన్నాడు. మద్రాసు కార్యదర్శి జోసయా వెబ్ అడ్డం చెప్పాడు, న్యాయం పేరు మీద కాదు, డబ్బూ దండూ చాలవని. ఆగస్టు 1న నెల్సన్ ఈజిప్టు తీరంలో ఫ్రెంచి నౌకాదళాన్ని తగలబెట్టేశాడు. ఆ కబురు అక్టోబరుకల్లా ఇండియా చేరింది. హైదరాబాదులో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి పటాలాన్నీ అదే నెల రద్దు చేయించారు. అంటే భయపడడానికి ఫ్రెంచివాళ్ళు మిగల్లేదు. యుద్ధ ప్రకటన వచ్చింది మాత్రం 1799 ఫిబ్రవరిలో.

నేను పట్టుకున్నది ఈ నాలుగు నెలలనే. సాకు నిజమా అబద్ధమా అని తేల్చడం కష్టం. టిప్పు దూతల్ని పంపింది నిజమే కదా. సాకు చచ్చిపోయాక కూడా దండు కదిలిందా అన్నది చూస్తే తెలిసిపోతుంది. బాగ్దాద్‌లోనూ అంతే, తనిఖీదార్ల వెతుకులాట పూర్తి కాకముందే బాంబులు పడ్డాయి. వెల్లెస్లీ వాదనను తర్వాత జేమ్స్ మిల్ తన చరిత్రలో చీల్చి చెండాడాడు. ఈ దేశం మీద మిల్‌కు గౌరవమేమీ లేదు, అందుకే ఆ సాక్ష్యానికి నా దగ్గర విలువ ఎక్కువ.

ఏప్రిల్ 10

నిన్న రాసింది చదివితే టిప్పు అమాయకుడన్నట్టుంది. కాదు. ఫ్రెంచివాళ్ళకు సోదరుడిలా రాశాడు. కాబూలు జమాన్ షాకు ధర్మయుద్ధం అని రాశాడు. 1791లో మరాఠా దండు శృంగేరి మఠాన్ని దోచుకున్నప్పుడు అక్కడి స్వామికి భక్తిగా రాసి, డబ్బు పంపి, శారదమ్మను మళ్ళీ ప్రతిష్ఠించమన్నాడు. ఆ ఉత్తరాలు 1916లో మైసూరు పురావస్తు శాఖ నరసింహాచార్ కంటబడ్డాయి. టిప్పు జయంతి చేద్దామనేవాళ్ళు ఒక ఉత్తరం చదువుతారు, ఒద్దనేవాళ్ళు ఇంకొకటి. 2015లో కర్ణాటక ప్రభుత్వం జయంతి మొదలుపెట్టింది, 2019లో ఇంకో ప్రభుత్వం రద్దు చేసింది. రెండు ఉత్తరాలూ ఒకే బల్ల మీద పెట్టే ఓపిక ఎవరికీ లేదు.

దీనికి మించిన తమాషా ఒకటుంది. 1798 సెప్టెంబరులో తుర్కీ సుల్తాన్ సలీం టిప్పుకు ఉత్తరం రాశాడు, ఫ్రెంచివాళ్ళు ఇస్లాంకు శత్రువులు, వాళ్ళతో చేరొద్దని. దాన్ని టిప్పుకు చేర్పించింది ఎవరు? వెల్లెస్లీ. ఖలీఫా మాట వినమని క్రైస్తవ దొర ముస్లిం రాజుకు హితవు!

ఏప్రిల్ 23. ఆవని

గుళ్ళకంటే దారి పక్కన వీరగళ్ళ దగ్గరే ఎక్కువసేపు ఆగాను. లూయిస్ రైస్ 1905లో అచ్చేసిన కోలారు శాసనాల సంపుటంలో ఇలాంటివి బోలెడు. ఊరి పశువుల్ని తోలుకుపోతుంటే అడ్డం పోయి చచ్చిపోయాడు, అంతే రాస్తారు. దేశం, ధర్మం ఊసు ఉండదు. ఆవులు పోయాయి, మనిషి పోయాడు. రాయించినవాళ్ళకు ఆ కారణం చిన్నదిగా అనిపించలేదు.

కోలారు పుట్టుకకు చెప్పే కథలోనూ ఆవే. జమదగ్ని ఆవును కార్తవీర్యుడు పట్టుకుపోయాడు, పరశురాముడు గొడ్డలి ఎత్తాడు. ఒక్క ఆవు బాకీకి ఇరవై ఒక్క సార్లు క్షత్రియుల్ని నరికాడంటే మాత్రం లెక్క ఎక్కడో దారి తప్పింది.

మే 4

శ్రీరంగపట్నం పడిన రోజు. టీవీలో ఎన్నికల గోల తప్ప ఆ ఊసెత్తినవాళ్ళు లేరు. గెలిచినవాళ్ళ పంపకంలో నిజాంకు గుత్తి, గుర్రంకొండ వచ్చాయి. మా అమ్మ పుట్టిల్లు మదనపల్లె పక్క, అంటే ఆ వాటాలోనే. ఏడాది తిరిగిందో లేదో, 1800 అక్టోబరులో ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చుల కింద నిజాం అవన్నీ వాళ్ళకే రాసిచ్చేశాడు. దత్తమండలాలు అలా పుట్టాయి. ఫ్రెంచివాళ్ళ నుంచి కాపాడుకోవడానికని మొదలైన యుద్ధం కడప దాకా కంపెనీకి పన్ను వసూలు తెచ్చిపెట్టింది.

మే 7

మారికుప్పం నుంచి బెంగళూరు పోయే రైల్లో మా వీధి పెద్దాయన కలిశాడు. గనిలో ముప్పై ఏళ్ళు చేసినవాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డప్పటి నుంచి ఆయన కొడుకు రోజూ ఈ రైల్లోనే పనికి పోయి వస్తాడు. నేను ఏం రాస్తున్నానో చెప్పాను.

"ఇంత చదవాల్నా? మన బంగారం కోసమే టిప్పును చంపినారు. ఇక్కడ చిన్నపిల్లోడిని అడిగినా చెప్తాడు."

ఆ కథ నాకూ ఇష్టమే. కానీ తేదీలు ఒప్పుకోవు. యుద్ధం 1799లో ముగిసింది. 33వ పటాలం లెఫ్టినెంట్ జాన్ వారెన్ సరిహద్దు సర్వేకు వచ్చి, ఇక్కడి మట్టిలో బంగారముందని విని, చూపించినవాళ్ళకు బహుమతి అన్నది 1802లో. ఊరుగాం రైతులు బండ్లతో మట్టి తెచ్చి, ఆయన కళ్ళముందే కడిగి రేణువులు చూపించారు. అప్పుడు కూడా కంపెనీ పెద్దగా పట్టించుకోలేదు. న్యూజిలాండులో మావోరీల మీద యుద్ధం చేసి వచ్చిన లావెల్ అనే మాజీ సిపాయి ఆ వారెన్ రిపోర్టు చదివి లైసెన్సు అడిగేసరికి 1873. జాన్ టేలర్ కంపెనీ దిగింది 1880లో.

పెద్దాయన బంగారుపేట దాకా కిటికీలోంచి చూస్తూ కూచున్నాడు.

"సరే అబ్బయ్యా, 1799లో కాదు. 1880 నుంచి ఎత్తకపోయింది నిజమే కదా?"

"నిజమే."

"అయితే అంతవరకు రాసుకో."